తెగని బెల్ట్, వంగిన వాల్వులు: ఒక చిన్న కారు కేస్ స్టడీ

2023 జూలైలో ఒక సోమవారం పొద్దున విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు టోయింగ్ బండి మీద ఒక చిన్న కారు వచ్చింది. 2011 మోడల్, 1.1 లీటర్ పెట్రోల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు, గాలి, పొగ దారుల్ని తెరిచి మూసే వాల్వులు పన్నెండు. మీటర్‌లో 68,412 కిలోమీటర్లు. బండి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారిది. గుంటూరు పెళ్ళికి వెళ్తుంటే కాజ టోల్‌గేట్ దాటాక ఆగిపోయిందట. పెద్ద శబ్దం ఏమీ రాలేదు. "టకటకమని ఒక్క క్షణం వినపడింది బాబూ, తర్వాత ఇంజన్ చప్పుడే లేదు. బండి దొర్లుతూ పక్కకి వచ్చి ఆగింది" అన్నారు.

రోడ్డు మీద సాయానికి వచ్చిన మెకానిక్ పైకవర్ రెండు బోల్టులు విప్పి చూశాడు. టైమింగ్ బెల్ట్, అంటే కింది క్రాంక్‌తో పాటు పైన క్యామ్‌ని తిప్పే పళ్ళ రబ్బరు బెల్ట్, బిగుతుగా, నిండుగా కనిపించింది. బెల్ట్ బాగానే ఉంది, ఫ్యూయల్ పంప్ పోయి ఉంటుందని తేల్చాడు. మర్నాడు మాస్టారి ఇంటి దగ్గరి షాపులో కొత్త పంప్ వేశారు. స్టార్ట్ కాలేదు. స్కానర్ పెడితే, వాల్వుల్ని తెరిచే పై ఇరుసు క్యామ్ తిరుగుడును చూసే సెన్సర్ కోడ్ పీ0340 వచ్చింది, సెన్సర్ కూడా మార్చారు. అయినా స్టార్ట్ కాలేదు. ఈ రెండు రోజుల్లో ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టారో లెక్కలేదు. అప్పటికి బ్యాటరీ కూడా దిగిపోయింది.

మాస్టారు ప్లాస్టిక్ ఫైల్‌లోంచి ఒక బిల్లు తీసి నా చేతిలో పెట్టారు. 2020 డిసెంబర్, 50,300 కిలోమీటర్లు, 'టైమింగ్ బెల్ట్ - 1, లేబర్'. "బెల్ట్ మార్పించి మూడేళ్ళు కూడా కాలేదయ్యా. పద్దెనిమిది వేల కిలోమీటర్లే తిరిగింది. బెల్ట్ అయ్యుండదు కదా?"

ఆ బిల్లు నేను అంతకుముందే ఒకసారి చూశాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

సెల్ఫ్ చప్పుడు చెప్పింది

చార్జ్ ఉన్న బ్యాటరీ తగిలించి ఒక్కసారి, రెండు సెకన్లే సెల్ఫ్ కొట్టించాను. ఆరోగ్యంగా ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజన్‌ని సెల్ఫ్ తిప్పేటప్పుడు ఒక ఊపు ఉంటుంది. ప్రతి పిస్టన్ గాలిని నొక్కేటప్పుడు కాస్త బరువెక్కి, దాటాక తేలికవుతుంది. ఈ బండిలో ఆ ఊపు దాదాపు లేదు. మామూలు కంటే వేగంగా, తేలిగ్గా గిర్రున తిరిగింది. కంప్రెషన్ లేని ఇంజన్ ఇలాగే తిరుగుతుంది. పెట్రోల్ రాకపోయినా, కరెంట్ రాకపోయినా ఈ చప్పుడు మారదు. కాబట్టి పంప్ గురించి అసలు ఆలోచించాల్సిన పని లేదు.

మా కుర్రాడు ఇంకోసారి కొట్టబోతే ఆపాను. క్యామ్ తిరగడం లేదని అనుమానం ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వుల్ని మళ్ళీ మళ్ళీ గుద్దుతాయి.

పైకవర్ తీసి టార్చ్ వేశాను. రోడ్డు మీద మెకానిక్ చెప్పిందే నిజం. బెల్ట్ తెగలేదు, వేలితో నొక్కితే బిగువు కూడా ఉంది. అప్పుడు పిస్టన్లు తిప్పే కింది ఇరుసు, అంటే క్రాంక్, దాని బోల్టుకు రాట్చెట్ వేసి, చేత్తో, చాలా నెమ్మదిగా, చిన్నపాటి అడ్డు తగిలినా ఆగేలా తిప్పాను. పావు చుట్టు కూడా పోలేదు. పైన క్యామ్ పుల్లీ మీద నేను సున్నంతో పెట్టిన చుక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కింద క్రాంక్ తిరుగుతోంది, పైన క్యామ్ నిలబడి ఉంది, మధ్యలో బెల్ట్ తెగలేదు. అంటే కింద, క్రాంక్ పుల్లీ దగ్గర, బెల్ట్ పళ్ళు లేవు.

స్కానర్ కూడా నిజమే చెప్పింది. క్యామ్ సిగ్నల్ రావడం లేదంది. ఎందుకు రావడం లేదో మనం చూసుకోవాలి. క్యామ్ తిరగకపోతే సెన్సర్ మాత్రం ఏం చెప్తుంది?

పళ్ళ లెక్క

ఇక్కడ కాస్త ఆగి, ఈ బెల్ట్ ఏం చేస్తుందో చెప్పాలి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. అందుకే క్యామ్ పుల్లీకి క్రాంక్ పుల్లీకన్నా సరిగ్గా రెట్టింపు పళ్ళు ఉంటాయి. క్రాంక్ పుల్లీకి 20 పళ్ళు ఉన్నాయనుకుందాం. 3,000 ఆర్‌పీఎమ్‌లో, అంటే నిమిషానికి 3,000 చుట్లలో, క్రాంక్ సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు వెయ్యి బెల్ట్ పళ్ళు దాని మీదుగా పోతాయి. చిన్న పుల్లీ కాబట్టి ఏ క్షణంలోనైనా బరువు పంచుకునేవి ఎనిమిదో పదో పళ్ళు మాత్రమే. పైన పెద్ద పుల్లీ మీద ఆ బరువు దాదాపు రెట్టింపు పళ్ళ మీద పడుతుంది. అందుకే పళ్ళు ఊడితే ఎక్కువగా కిందే ఊడతాయి. మనం బెల్ట్‌ని చూసేది మాత్రం పై కిటికీలోంచి.

బెల్ట్ లోపల బరువు మోసేది రబ్బరు కాదు, పొడుగునా ఉండే గ్లాస్ ఫైబర్ తాళ్ళు. పళ్ళ మీద అరుగుదలకు తట్టుకునే నైలాన్ గుడ్డ ఉంటుంది. ఈ రెంటినీ కలిపి పట్టుకునేది రబ్బరు. ఆ రబ్బరుకు నూనె తగిలితే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పన్ను మొదట్లో పట్టు వదిలేస్తుంది. తాళ్ళు మాత్రం చెక్కుచెదరవు. కాబట్టి బెల్ట్ తెగదు, పళ్ళు రాలిపోతాయి. ఈ బండిలో సరిగ్గా అదే జరిగింది.

కారు ఇంజన్లో పళ్ళ రబ్బరు బెల్ట్ కొత్త సంగతేమీ కాదు. జర్మనీలో గ్లాస్ 1004 అనే చిన్న కారులో 1962లోనే దీన్ని వాడారు. చప్పుడు తక్కువ, బరువు తక్కువ, నూనె అక్కర్లేదు, ధర తక్కువ. మన దగ్గర మారుతి 800లో బెల్టే, టాటా ఇండికా డీజిల్‌లో బెల్టే. స్విఫ్ట్ 1.3 డీజిల్‌లోనూ, మారుతి కె10 ఇంజన్లోనూ చైన్. నూనెలో మునిగి తిరిగే బెల్టులూ ఉన్నాయి, ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్‌లో మొదట్లో ఉన్నది అదే. దాని రబ్బరు వేరు, దానికి కంపెనీ చెప్పిన గ్రేడ్ నూనే పోయాలి. నేను చెప్తున్నది పొడిగా తిరిగే బెల్ట్ గురించి. మీ బండిలో ఏదుందో తెలియకపోతే ఇంజన్ పక్కన ప్లాస్టిక్ కవర్ ఉందో, లోహపు కవర్ ఉందో చూడండి. ప్లాస్టిక్ అయితే సాధారణంగా లోపల పొడి బెల్ట్ ఉంటుంది.

కింద ఏం కనపడింది

బయటి బెల్టులు తీసి, క్రాంక్ పుల్లీ లాగి, కిందికవర్ ఊడదీశాం. కవర్ అడుగున నల్లటి జిగురు ముద్ద, అందులో రాలిన రబ్బరు ముక్కలు. బెల్ట్ బయటికి తీసి బల్ల మీద పరిచాను. వరసగా పదకొండు పళ్ళు లేవు. వాటి చోట తాళ్ళు నారలా బయటపడి ఉన్నాయి. మిగతా పళ్ళు చూడ్డానికి నిండుగానే ఉన్నాయి కానీ, ఒక దాని మీద గోటితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. డబ్బాలోంచి కొత్త బెల్ట్ తీసి అలాగే నొక్కాను. గోరు జారిపోయింది. మాస్టారిని పిలిచి రెండూ ఆయన చేతనే నొక్కించాను. ఆయన రెండు మూడుసార్లు మార్చి మార్చి నొక్కి, బెల్ట్‌ని వాసన చూసి, "ఇంజన్ ఆయిల్" అన్నారు.

ఆ నూనె వచ్చింది క్రాంక్ ముందు సీల్ నుంచి, అంటే ఇరుసు చుట్టూ నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు నుంచి. సీల్ పెదవి రాయిలా గట్టిపడింది. 2011లో బండితో వచ్చిన సీలే అది. బెల్ట్ మార్చినప్పుడు దాన్ని ముట్టుకోలేదు. బెల్ట్‌ని బిగువుగా పట్టే టెన్షనర్ బేరింగ్ కూడా పాతదే, చేత్తో తిప్పితే గరగరమంది.

ఆ సంగతి ఇప్పుడు చెప్తాను. ఆరు నెలల ముందు ఆయిల్ మార్చడానికి ఈ బండి మా షెడ్డుకే వచ్చింది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ మూల దగ్గర తడి కనపడింది. గుడ్డతో తుడిచాను. "మాస్టారూ, టైమింగ్ బెల్ట్ మార్చారా?" అని అడిగాను. ఆయన ఇదే బిల్లు చూపించారు. తేదీ చూసి, సరేనన్నాను. ఆయన ఇంటి దగ్గర బండి నిలిపే చోట రూపాయి బిళ్ళంత మరక రోజూ పడుతోందని ఇప్పుడు చెప్పారు. అప్పుడు నేను అడగలేదు. తడి ఎక్కడి నుంచి వస్తోందో అరగంట పెట్టి చూసి ఉంటే ఇప్పుడు హెడ్, అంటే వాల్వులుండే ఇంజన్ పైభాగం, దింపాల్సిన పని ఉండేది కాదు. ఈ కేసు రాయడానికి అసలు కారణం ఇదే. నేను అడిగిన ప్రశ్న సరిపోలేదు. బెల్ట్ మార్చారా అని కాదు, బెల్ట్‌తో పాటు ఏమేం మార్చారు అని అడగాల్సింది.

హెడ్ దించకముందు

బెల్ట్ పోయిన ప్రతి ఇంజన్లోనూ వాల్వులు వంగవు. కొన్ని ఇంజన్లలో వాల్వ్ పూర్తిగా తెరిచి ఉన్నా, పిస్టన్ పైదాకా వచ్చినా మధ్యలో చోటు మిగులుతుంది. ఈ ఇంజన్ అలాంటిది కాదు. బండి గేర్‌లో పోతుండగా పళ్ళు రాలాయి కాబట్టి చక్రాలే క్రాంక్‌ని ఇంకా తిప్పాయి. మాస్టారు క్లచ్ తొక్కేలోపే పిస్టన్లు చాలాసార్లు పైకి వచ్చి ఉంటాయి. ఆయన విన్న టకటక అదే. తర్వాత రెండు రోజుల సెల్ఫ్ సరేసరి.

అయినా హెడ్ దించమని చెప్పేముందు రుజువు చూపించాలి. అది కస్టమర్ డబ్బు. క్రాంక్‌ని నాలుగు పిస్టన్లూ సగం ఎత్తులో ఉండేలా తిప్పి నిలిపాను. ఆ స్థితిలో క్యామ్‌ని ఎటు తిప్పినా వాల్వులు దేనికీ తగలవు. బండి గేర్‌లో వేసి హ్యాండ్‌బ్రేక్ లాగాం. క్యామ్‌ని ఒక్కో సిలిండర్ వాల్వులన్నీ మూసుకునే చోటికి తిప్పుతూ, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి వదిలాం. ఒకటి, రెండు సిలిండర్లు గాలి నిలబెట్టాయి. మూడో దానికి వదిలితే ఇంజన్ గాలి పీల్చే త్రాటిల్ దగ్గర బుస్సుమంది, అంటే ఇన్‌టేక్ వాల్వులు. నాలుగో దానికి వదిలితే సైలెన్సర్ గొట్టంలోంచి గాలి వచ్చింది, అంటే ఎగ్జాస్ట్ వాల్వ్. మాస్టారు సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి తనే చూసుకున్నారు.

ఆయన లెక్కల మనిషి కాబట్టి ఈ రెండే ఎందుకని అడిగారు. ఈ ఇంజన్లో మంట పడే వరస 1-3-4-2. ఒకటో సిలిండర్ గాలిని నొక్కుతుంటే రెండోది మంట దెబ్బకు కిందికి దిగుతుంటుంది. ఆ రెంటికీ వాల్వులు మూసి ఉంటాయి. అదే సమయంలో మూడోది గాలి పీల్చుకుంటుంటుంది, దాని ఇన్‌టేక్ వాల్వులు తెరిచి ఉంటాయి. నాలుగోది పొగ వదులుతుంటుంది, దాని ఎగ్జాస్ట్ తెరిచి ఉంటుంది. క్యామ్ దాదాపు ఆ స్థితిలో ఆగిపోయింది. తెరిచి ఉన్నవే దెబ్బతిన్నాయి. మాస్టారు బిల్లు వెనకాల నాలుగు గడుల పట్టిక గీసుకుని సరిచూసుకున్నారు.

లేత్ దగ్గర

ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడ్ బోల్టులు చివర్ల నుంచి మధ్యకు కొద్దికొద్దిగా వదులు చేస్తూ దించాం. మూడో పిస్టన్ తల మీద రెండు, నాలుగో దాని మీద ఒకటి, నెలవంక ఆకారంలో గాట్లు. లోతు లేదు, పగుళ్ళు లేవు. పిస్టన్లు మార్చక్కర్లేదు.

పన్నెండు వాల్వులూ తీయించాను. గాలి పరీక్షలో దొరికినవి మూడే కదా, అవి మారిస్తే చాలనిపిస్తుంది. కానీ ఒక్కో వాల్వ్‌ని గాజు పలక అంచున కాడ ఆనించి దొర్లించి చూస్తే, తిన్నగా ఉన్నదాని తల నిలకడగా తిరుగుతుంది, వంగినదాని తల ఊగుతుంది. మూడో సిలిండర్ ఇన్‌టేక్‌లు రెండూ, నాలుగో దాని ఎగ్జాస్టూ బాగా ఊగాయి. రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ కూడా చాలా కొద్దిగా ఊగింది. క్యామ్ ఆగినప్పుడు అది అప్పుడే తెరుచుకోబోతూ ఉండి, పిస్టన్ రాసుకుపోయి ఉంటుంది. గాలి పరీక్షలో అది దాటిపోయింది. అలాగే బిగిస్తే కొన్నాళ్ళకు సీటు మీద సరిగ్గా కూర్చోక అంచు కాలిపోయేది. నాలుగూ కొత్తవి వేశాం.

వాల్వ్ కాడ జారే గైడ్లలో కొత్త వాల్వ్ పెట్టి అటూ ఇటూ కదిపి చూస్తే ఆట లేదు. హెడ్ అడుగున స్కేలు ఆనించి ఫీలర్ గేజ్‌తో చూస్తే 0.05 మిల్లీమీటర్ల బిళ్ళ ఎక్కడా దూరలేదు, కాబట్టి అడుగు చదును చేయడానికి హెడ్ గీయించలేదు. కొందరు హెడ్ దించితే చాలు గీయించేస్తారు. అవసరం లేకుండా గీస్తే కంప్రెషన్ పెరుగుతుంది, తర్వాత నిజంగా అవసరమైనప్పుడు గీయడానికి లోహం మిగలదు. సీట్లు పేస్ట్‌తో రుద్ది, వాల్వులు బిగించాక హెడ్ తిరగేసి వాల్వులున్న గుంటల్లో కిరోసిన్ పోసి పావుగంట ఉంచాం. చుక్క దిగలేదు.

తిరిగి బిగించడం

సీల్ ఎందుకు అంతగా కారిందో చూడకుండా కొత్తది వేస్తే మళ్ళీ కారుతుంది. ఇంజన్ అడుగు భాగంలోని (క్రాంక్‌కేసులోని) గాలిని బయటికి పంపే పీసీవీ వాల్వ్ ఊడదీసి ఊపాను. లోపలి గోళీ చప్పుడు రాలేదు, మడ్డితో బిగుసుకుపోయింది. క్రాంక్‌కేసులో పుట్టే గాలి బయటికి పోవడానికి దారి లేకపోతే, ఒత్తిడి పెరిగి సీళ్ళ దగ్గర నూనెను తోస్తుంది. పీసీవీ ధర చాలా తక్కువ. పీసీవీ, దాని గొట్టం, క్రాంక్ సీల్, క్యామ్ సీల్, టెన్షనర్ స్ప్రింగ్‌తో సహా, బెల్ట్, హెడ్ గాస్కెట్, పన్నెండు వాల్వ్ సీళ్ళు, అన్నీ కొత్తవి. ఈ ఇంజన్లో వాటర్ పంప్‌ని తిప్పేది బయటి బెల్ట్. చాలా ఇంజన్లలో టైమింగ్ బెల్టే పంప్‌ని కూడా తిప్పుతుంది. అక్కడైతే పంప్ కూడా ఈ జాబితాలోకే వస్తుంది. పంప్ బిగుసుకుంటే కొత్త బెల్ట్ పళ్ళు కూడా ఒక్క నిమిషం ఆగవు.

బెల్ట్ వేసేటప్పుడు మా షెడ్డులో ఒక పద్ధతి మాన్పించాను. పాత బెల్ట్ మీదా పుల్లీల మీదా వైట్‌నర్ గీతలు గీసి, వాటిని లెక్కపెట్టి కొత్త బెల్ట్ మీదకు దించడం. పాత బెల్ట్ అప్పటికే ఒక పన్ను జారి ఉంటే ఆ తప్పునే మళ్ళీ శ్రద్ధగా బిగించినట్టవుతుంది. క్రాంక్ పుల్లీ మీద గుర్తు ఆయిల్ పంప్ బాడీ మీది గుర్తుకు, క్యామ్ పుల్లీ గుర్తు హెడ్ మీది గుర్తుకు కలపాలి. కంపెనీ పోత పోసిన గుర్తులే నమ్మాలి. బెల్ట్‌ని మెలిపెట్టకూడదు, లోపలి వైపు బయటికి తిప్పకూడదు, ఎక్కకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎగదోయకూడదు. తాళ్ళు గాజువి, లోపల విరిగితే బయటికి కనపడదు.

టెన్షనర్ వదిలి, క్రాంక్‌ని ఇంజన్ తిరిగే వైపే చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పి మళ్ళీ గుర్తులు చూశాను. మొదటిసారి క్యామ్ గుర్తు అర పన్ను వెనకబడినట్టు కనిపించింది. బెల్ట్ ఎక్కించినప్పుడు టెన్షనర్‌కి ఎదుటి వైపు కాస్త వదులు ఉండిపోయింది. మళ్ళీ విప్పి, ఆ వైపు ముందు బిగువుగా పెట్టి ఎక్కించాను. రెండు చుట్ల తర్వాత రెండు గుర్తులూ సూటిగా కలిశాయి. ఇలా చేత్తో తిప్పకుండా నేరుగా సెల్ఫ్ కొట్టేవాళ్ళను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. చేత్తో తిప్పేటప్పుడు అడ్డు తగిలితే ఆపొచ్చు. సెల్ఫ్ ఆగదు.

మొదటిసారికే స్టార్ట్ అయింది. వేడెక్కాక కంప్రెషన్ చూస్తే నాలుగు సిలిండర్లూ చదరపు సెంటీమీటరుకు 12.5 నుంచి 13 కేజీల మధ్య వచ్చాయి. క్యామ్ సెన్సర్ కోడ్ తుడిచాక మళ్ళీ రాలేదు.

మొత్తం 24,600 రూపాయలైంది. ముందు ఫ్యూయల్ పంప్‌కీ సెన్సర్‌కీ అయినవి వేరే. అందులో క్రాంక్ సీల్, క్యామ్ సీల్, పీసీవీ మూడూ కలిపితే వెయ్యి రూపాయలు కూడా కావు. 2020లో బెల్ట్ విప్పినప్పుడు అవి చేతికందే దూరంలోనే ఉన్నాయి, అదనపు లేబర్ దాదాపు లేదు. ఆరు నెలల ముందు చూసి వదిలేసిన తడి నాది కాబట్టి హెడ్ దించి ఎక్కించిన లేబర్‌లో సగం నేను తీసుకోలేదు. మాస్టారు వద్దన్నారు కానీ ఒప్పించాను.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలని ఆయన అడిగారు. మీ బండి మాన్యువల్‌లో కిలోమీటర్లూ, ఏళ్ళూ రెండూ రాసి ఉంటాయి, ఏది ముందు వస్తే అప్పుడు. ఏడాదికి ఏడు వేలు తిరిగే ఆయనలాంటి వాళ్ళకు ఏళ్ళే ముందు వస్తాయి. వాడని బండిలో కూడా రబ్బరు వయసు ఆగదు. కానీ తడి కనపడితే ఆ రెండు లెక్కలూ పనికిరావు. నూనె తగిలిన బెల్ట్‌ని తుడిచి వాడుకోవడం కుదరదు, మార్చాల్సిందే.

వెయ్యి కిలోమీటర్లకు రమ్మన్నాను, వచ్చారు. బండిని జాక్ ఎక్కించి సంప్ మూల, కిందికవర్ అంచు తెల్లగుడ్డతో తుడిచి చూపించాను. గుడ్డకు దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. ఇంటి దగ్గర మరక కూడా పడటం లేదట. పాత బిల్లులో ఉన్నట్టు 'టైమింగ్ బెల్ట్ - 1' అని కాకుండా, బెల్ట్, టెన్షనర్, క్రాంక్ సీల్, క్యామ్ సీల్, పీసీవీ అని ఒక్కొక్కటీ వేరే వరసలో రాసి, పని చేసిన తేదీ, అప్పటి మీటర్ 68,412 వేసి, బానెట్ లోపలి వైపు స్టిక్కర్ అంటించాను. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని అది పైనుంచి కిందిదాకా చదివి, తన డైరీలోకి కూడా ఎక్కించుకున్నారు.